వినే చోటు కోసం: పాతబస్తీ విద్యార్థి మనసు – ఒక చారిత్రక పరిశీలన

కౌన్సెలింగ్ అనే మాట హైదరాబాదు పాతబస్తీ విద్యార్థి చెవిన మూడు చోట్ల పడుతుంది. ఇంటర్మీడియట్ గట్టెక్కి, ఎంట్రన్సు ర్యాంకు పట్టుకొని సీటు కోసం పోయినప్పుడు మొదటిసారి. 1986లో ఎంసెట్ మొదలైన నాటి నుండి తెలుగు ఇళ్లలో ఈ మాటకు సీట్ల పంపకం అనే అర్థమే స్థిరపడింది. రాత్రి పొద్దుపోయాక వీధి అరుగు మీద దోస్తులతో కూచున్నందుకు పోలీసులు పట్టుకుపోయి, తల్లిదండ్రులను పిలిపించి బుద్ధి చెప్పినప్పుడు రెండోసారి. 2015లో దక్షిణ మండల పోలీసులు 'మిషన్ చబుత్రా' అనే పేరుతో చేసిన పని ఇదే. దానికి వాళ్లు వాడిన మాట కూడా కౌన్సెలింగే. మూడో అర్థం ఈ మధ్య వచ్చింది: మనసు బాగాలేని విద్యార్థి చెప్పుకునేది వినడానికి కాలేజీలో శిక్షణ పొందిన ఒక మనిషి ఉండాలన్న అర్థం.

మొదటి రెండు చోట్లా మాట్లాడేది ప్రభుత్వం, వినేది విద్యార్థి. మూడో చోట విద్యార్థి మాట్లాడాలి, సంస్థ వినాలి. ఒకే మాటకు ఇంత విరుద్ధమైన అర్థాలు ఎలా వచ్చాయన్నది నిఘంటువులు తేల్చే విషయం కాదు, చరిత్ర తేల్చవలసిన విషయం. ఈ వ్యాసం ఆ మూడో అర్థానికి చరిత్ర వెతికే ప్రయత్నం.

పాతబస్తీనే ఎందుకు ఎంచుకోవాలని అడగవచ్చు. మూసీకి దక్షిణాన ఉన్న ఈ నగరభాగం నాలుగు వందల ఏళ్లకు పైగా వైద్యాన్నీ విద్యనూ పక్కపక్కన చూసింది. వరదను చూసింది, కాల్పులను చూసింది, కర్ఫ్యూను చూసింది, తప్పుడు కేసులను చూసింది. ఇన్ని చూసిన చోట యువకుల మనసు గురించి సమాజం ఏం చేసిందన్న ప్రశ్నకు వచ్చే జవాబు మొత్తం తెలుగు నేలకు వర్తిస్తుంది. నా పరిశీలనలో తేలిన విషయం ముందే చెబుతాను. ఇక్కడ విద్యార్థికి పాఠం చెప్పే సంస్థలు పుట్టాయి, పరీక్ష పెట్టే సంస్థలు పుట్టాయి, శిక్షించే సంస్థలు పుట్టాయి. వినే సంస్థ మాత్రం పుట్టలేదు. విన్నవాళ్లు వ్యక్తులు: ఒక కవి, ఒక లెక్చరరు, ఒక నవలాకారుడు, ఒక సామాజిక కార్యకర్త. వ్యక్తి వెళ్లిపోతే వినికిడి కూడా వెళ్లిపోయింది.

1. దారుల్‌షిఫా నుండి సిటీ కాలేజి దాకా

మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో హైదరాబాదుకు పునాది వేశాడు. నాలుగేళ్లకు, 1595లో, దారుల్‌షిఫా కట్టించాడు. నడుమ విశాలమైన ఆవరణ, చుట్టూ రెండంతస్తుల గదులు. రోగులకు వైద్యమూ, యునానీ నేర్చుకునే విద్యార్థులకు చదువూ అక్కడే జరిగేవి. యునానీ శాస్త్రం మనసు జబ్బును ఎరగనిది కాదు. 'మాలిఖూలియా' అని అది పిలిచే విషాదరోగం గ్రీకు వైద్యం నుండి అరబ్బు, పారశీక గ్రంథాల మీదుగా దక్కనుకు వచ్చిన భావన. ఒంట్లో నల్లపిత్తం పెచ్చుపెరిగితే మనిషి దిగులులో పడతాడని ఆ వైద్యుల నమ్మకం. వాళ్లు చెప్పిన కారణం నేటి విజ్ఞానానికి నిలవదు. అయినా దిగులును పాపంగానో దయ్యంగానో చూడకుండా జబ్బుగా చూసిన దృష్టి అందులో ఉన్నదని గుర్తించాలి. ఆ దృష్టి బజారులో నడిచే మామూలు మనిషి దాకా చేరలేదు. అతనికి దర్గా ఉంది, తాయెత్తు ఉంది, ఊదిన నీళ్లు ఉన్నాయి. దారుల్‌షిఫా ఆసుపత్రిగా ఎప్పుడో ఆగిపోయింది. ఆ ఆవరణలోని ఆశుర్‌ఖానాలో మాత్రం మొహర్రం నెలలో జనం ఇవాళ్టికీ గుమిగూడి శోకిస్తారు. వైద్యం పోయిన చోట పదిమందితో కలిసి ఏడ్చే ఆచారం మిగలడం గమనించవలసిన విషయం.

ఆధునిక విద్య ఈ ప్రాంతంలో 1856లో మొదటి సాలార్‌జంగ్ స్థాపించిన దారుల్ ఉలూంతో మొదలైందనవచ్చు. తర్వాత సిటీ హైస్కూలు వచ్చింది. 1921లో అక్కడే ఇంటర్మీడియట్ తరగతులు పెట్టారు, తర్వాత అది సిటీ కాలేజి అయింది. మూసీ ఒడ్డున, హైకోర్టు పక్కన, ఇండో సారసెనిక్ పద్ధతిలో కట్టిన ఆ భవనాన్ని చూడని హైదరాబాదీ ఉండడు. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో తరగతులు ప్రారంభించింది. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య చెప్పడం ఆ రోజుల్లో సాహసమే. కానీ రాజ్యంలో అధిక సంఖ్యాకులైన తెలుగు, మరాఠీ, కన్నడ పిల్లలకు అది పరాయి మాధ్యమమే అయింది. పల్లె నుండి నగరానికి చదువుకు వచ్చిన తెలుగు కుర్రవాడికి బెంగ వచ్చినా, జ్వరం వచ్చినా చూసే దిక్కు ఎవరు? 1918లో ఏర్పడిన రెడ్డి హాస్టలు వంటి వసతిగృహాలే. అక్కడ భోజనం ఉండేది, గ్రంథాలయం ఉండేది, సురవరం ప్రతాపరెడ్డి వంటి పెద్దల అండ ఉండేది. ఆ అండ విలువ తక్కువది కాదు. అయితే అది కులం పేరున ఏర్పడిన అండ. ఆ పేరు లేనివాడికి ఆ తలుపు అంత సులభంగా తెరుచుకోదు. విద్యార్థి బాధను ఆలకించడం విద్యాలయం బాధ్యత కాదనీ, అది అతని కులం, కుటుంబం చూసుకోవలసిన సొంత వ్యవహారమనీ ఆనాడు ఏర్పడిన అభిప్రాయం ఇవాళ్టికీ పూర్తిగా పోలేదు.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద వేల మందిని మింగింది. జామియా నిజామియాలో చదువుకున్న కవి అమ్జద్ హైదరాబాదీ ఆ ఒక్క రోజున తల్లినీ, భార్యనూ, బిడ్డనూ పోగొట్టుకున్నాడు. తాను మాత్రం బతికి బయటపడ్డాడు. ఆ దుఃఖాన్ని ఆయన కవిత్వంలో పెట్టాడు, రుబాయీలకు పేరుపడిన మహాకవి అయ్యాడు. వరద తర్వాత ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది, జలాశయాలు కట్టించింది, నగరాభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసింది. నదికి కట్ట వేశారు. వరదలో అందరినీ పోగొట్టుకొని మిగిలిన మనిషి మనసుకు ఆసరా ఇవ్వాలన్న ఊహ ఆ కాలానికి లేదు. అమ్జద్‌కు కవిత్వం ఉంది. కవిత్వం రానివాళ్లు ఏమయ్యారో చరిత్ర రాసుకోలేదు.

2. లెక్చరరు, లాఠీ

మఖ్దూం మొహియుద్దీన్ పేరు మన పాఠకులకు కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని, నగరానికి వచ్చి పేదరికంలో చదువుకొని, ఉస్మానియాలో ఎం.ఏ. పూర్తిచేసి, సిటీ కాలేజీలో ఉర్దూ లెక్చరరుగా పనిచేసినవాడు. తర్వాత ఉద్యోగం వదిలి ఉద్యమంలోకి వెళ్లాడు. అభ్యుదయ రచయితల ఉద్యమాన్ని ఈ నగరంలో నిలబెట్టినవాళ్లలో ఆయన ముందువరుసలో ఉంటాడు. ఆయన్ను ఇక్కడ తలుచుకోవడానికి కారణం వేరు. ఆ తరం లెక్చరర్లకూ విద్యార్థులకూ నడుమ ఒక సంబంధం ఉండేది. ఇరానీ హోటలు బల్ల దగ్గర, ముషాయిరాలో, కామ్రేడ్స్ అసోసియేషన్ సమావేశంలో విద్యార్థి తన పేదరికాన్ని సిగ్గుగా దాచుకోనక్కరలేకపోయింది. అది తన ఒక్కడి దురదృష్టం కాదనీ, ఒక వ్యవస్థ లక్షణమనీ అక్కడ తెలుసుకున్నాడు. తన బాధకు పేరు దొరకడం మనసుకు గొప్ప ఊరట. నేటి మనోవైద్యులు కూడా కాదనరు. కానీ ఇది ఉద్యమం ఇచ్చిన ఊరట, కాలేజీ ఇచ్చినది కాదు. మఖ్దూం కాలేజీ వదిలిన తర్వాత ఆయన కూచున్న కుర్చీలో మరో లెక్చరరు వచ్చాడు గాని, ఆ వినికిడి ఉద్యోగ నిబంధనల్లో రాసి లేదు.

1948 సెప్టెంబరు తర్వాత రాజ్యం మారింది. ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. పాతబస్తీ యువకుడు తాను చదివిన భాషకు ఉద్యోగంలోనూ తరగతిలోనూ విలువ పోవడం కళ్లారా చూశాడు. తెలుగు విద్యార్థికి వేరే భయం పట్టుకుంది: ఉద్యోగాలు బయటివాళ్లు తన్నుకుపోతున్నారన్న భయం. 1952లో వరంగల్లులో మొదలైన ముల్కీ ఆందోళన నగరానికి చేరి, సెప్టెంబరు 3, 4 తేదీలలో సిటీ కాలేజి, ఆ పరిసరాల్లో పోలీసు కాల్పులకు దారితీసింది. ప్రాణాలు పోయాయి. బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వం జస్టిస్ పింగళి జగన్మోహనరెడ్డితో విచారణ జరిపించింది. కాల్పులు సమర్థనీయమా కాదా అన్నది తేల్చడం ఆ విచారణ పని. పక్కనున్న మిత్రుడు నేలకొరిగితే చూసిన పదిహేడేళ్ల పిల్లవాడు మళ్లీ అదే ఆవరణలో, అదే బెంచీ మీద కూచొని పాఠం ఎలా విన్నాడన్నది ఏ విచారణ పరిధిలోకీ రాలేదు.

3. 1953: ఒక గోడ, ఒక టెలిఫోను

నిజాం రాజ్యపు మానసిక చికిత్సాలయం నగరానికి దూరంగా, నేడు మహారాష్ట్రలో ఉన్న జాల్నాలో ఉండేది. 1953లో అది హైదరాబాదు ఎర్రగడ్డకు వచ్చింది. తీవ్రమైన రోగంతో బాధపడే వేలాది కుటుంబాలకు ఆ ఆసుపత్రి చేసిన మేలు కాదనలేనిది. కానీ జనం నోట ఆ ఊరి పేరే తిట్టయింది. 'వాణ్ణి ఎర్రగడ్డకు పంపాలి' అంటే ఇక ఆ మనిషి మాటకు విలువ లేదని అర్థం. పాతబస్తీ నుండి ఎర్రగడ్డకు ఉన్న దూరం బస్సు చార్జీతో కొలిచేది కాదు. ఆ గేటు దాటిన పిల్లకు పెళ్లి కాదు, ఆ గేటు దాటిన పిల్లవాడికి ఉద్యోగం రాదు అన్న భయమే అసలు దూరం. పరీక్ష ముందు నిద్రపట్టని విద్యార్థికీ, భ్రమలతో బాధపడే రోగికీ మధ్య ఎన్నో మెట్లున్నాయి. ఆ మెట్ల మీద ఒక్కచోట కూడా మనిషి లేడు. ఉన్నది చివరి మెట్టు మీద గోడ ఒక్కటే.

అదే 1953 నవంబరులో లండనులో చాడ్ వారా అనే చర్చి మతాధికారి ఒక టెలిఫోను పెట్టి, చావాలనిపించినవాళ్లు తనకు ఫోను చేయవచ్చని ప్రకటించాడు. కాలక్రమంలో ఆయనకు ఒక సంగతి తెలిసింది. వచ్చినవాళ్లలో చాలామందికి ఆయన సలహాకన్నా, తమ వంతు కోసం కాచుకొని ఉండగా టీ ఇచ్చి ఓపికగా మాటలు విన్న మామూలు మనుషుల వల్లే మేలు జరుగుతోంది. సమారిటన్లు అనే సంస్థ అలా ఏర్పడింది. అంతకుముందే, 1910లో, అమెరికాలో ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయం విద్యార్థుల మానసిక ఆరోగ్యానికి వేరుగా ఒక ఏర్పాటు చేసుకుంది. మద్రాసులో లక్ష్మీ విజయకుమార్ 'స్నేహ' స్థాపించింది 1986లో. హైదరాబాదులో 'రోష్నీ' మొదలైంది 1997లో. 1953 నుండి లెక్కేస్తే గోడకూ టెలిఫోనుకూ మధ్య మన నగరానికి నలభై నాలుగేళ్లు పట్టింది.

కాగితం మీద కొరత లేదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం విద్యార్థి సంక్షేమాన్ని వేరుగా చర్చించింది. లక్ష్మణస్వామి మొదలియార్ సంఘం 1952-53లో, కొఠారి సంఘం 1964-66లో మార్గదర్శనం, కౌన్సెలింగ్ విద్యలో భాగం కావాలని సిఫారసు చేశాయి. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. 1996లో జిల్లా కార్యక్రమాన్ని ఆరంభించిన తొలి జిల్లాలలో మన మెదక్ ఒకటి. అయినా ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్చరరు పోస్టులే ఖాళీగా ఉన్న రోజుల్లో, వినడానికి ఒక పోస్టు కావాలని అడగడం విలాసంగా కనిపించింది. విద్యను ఖర్చుగా చూసే వ్యవస్థ విద్యార్థి మనసును అనవసరపు ఖర్చుగా చూడడంలో ఆశ్చర్యం లేదు.

4. సాహిత్యం విన్నది, విమర్శ వినలేదు

సంస్థలు చేయని పనిని సాహిత్యం తన చేతనైనంత చేసింది. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' 1940లలోనే చదువుకున్న మధ్యతరగతి యువకుడి అంతరంగాన్ని తెలుగు నవలలోకి తెచ్చాయి. 1969లో వెలువడిన నవీన్ 'అంపశయ్య' మన విషయానికి మరింత దగ్గరిది. పల్లె నుండి ఉస్మానియాకు వచ్చిన రవి అనే విద్యార్థి ఒక్క రోజు జీవితం అది. డబ్బుకు ఇబ్బంది, పరీక్ష భయం, ప్రేమ కోసం తపన, తాను ఎందుకూ పనికిరానేమో అన్న అనుమానం: ఇవన్నీ అతని తలలో ఒకదానిమీద ఒకటి పడి దొర్లుతాయి. ఆ నవల మీద చైతన్యస్రవంతి గురించీ, శ్లీలాశ్లీలాల గురించీ చాలా చర్చ జరిగింది. అంత పెద్ద విశ్వవిద్యాలయంలో రవి ఈ మాటలు పైకి చెప్పుకోవడానికి ఒక్క చోటైనా ఉండిందా అన్న ప్రశ్న ఎవరికీ పెద్దగా తట్టలేదు. అతని మాటలన్నీ లోపలే ఉండిపోవడం శిల్పం కోసం రచయిత చేసిన ఎంపికే. కానీ ఆ శిల్పం ఆనాటి క్యాంపసు వాస్తవానికి అతికినట్టు సరిపోయింది.

ఇక్కడ ప్రగతిశీల విమర్శ వైఖరిని నిర్మొహమాటంగా చర్చించాలి. మనోవిశ్లేషణ రచనలను వ్యక్తివాదమనీ, నిరాశావాదమనీ పక్కన పెట్టిన సందర్భాలు తక్కువేం కాదు. ఆ విమర్శలో నిజం ఉంది. మనసును సమాజం నుండి కోసి తీసి, దిగులును గాలిలో పుట్టిన వస్తువుగా చూపించే రచన పాఠకుణ్ణి మోసం చేస్తుంది. అయితే దాని నుండి తీసిన నిర్ణయం సరికాదు. దిగులుకు మూలం సమాజంలో ఉన్నదని చెప్పినంత మాత్రాన దిగులు పడే మనిషి గురించి మాట్లాడనక్కరలేదని కాదు. కలరాకు మూలం మురికినీరు. నీటి సరఫరా మారేదాకా రోగికి మందు ఇవ్వొద్దని ఏ విప్లవకారుడూ అనడు. మనసు విషయానికి వచ్చేసరికి మాత్రం ఆ మాట చాలాకాలం అన్నాం. 'ధైర్యంగా ఉండాలి, పోరాడాలి' అన్న సందేశం పోరాడే శక్తి ఉన్నవాడికి ఉత్తేజం, అది ఉడిగిపోయినవాడికి మరో మందలింపు.

5. కర్ఫ్యూ, కేసు, ధృవపత్రం

1978లో రమీజాబీ ఘటన నాటి నుండి 1990 డిసెంబరు దాకా పాతబస్తీ విద్యార్థికి కర్ఫ్యూ విద్యాసంవత్సరంలో ఒక భాగమైపోయింది. ఇల్లు దాటాలంటే పాసు, నది దాటాలంటే ప్రాణభయం. తలుపు తట్టిన చప్పుడుకు ఉలిక్కిపడడం ఒక తరానికి అలవాటైంది. 1990 అల్లర్ల తర్వాత మనోవిశ్లేషకుడు సుధీర్ కాకర్ ఇక్కడికి వచ్చి, బాధితులతోనూ పహిల్వాన్లతోనూ మాట్లాడి ఒక విలువైన పుస్తకం రాశాడు. ఈ నగరం మనసు గురించి శాస్త్రీయంగా ఆలోచించిన అరుదైన ప్రయత్నాలలో అది ఒకటి. కానీ పుస్తకం ప్రపంచానికి చేరింది, విన్న చెవి ఊరు విడిచి వెళ్లింది.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. అక్కడ కొందరు, తర్వాత పోలీసు కాల్పుల్లో మరికొందరు చనిపోయారు. ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో మళ్లీ పేలుళ్లు జరిగాయి. ఆ నెలల్లో పాతబస్తీ యువకులను పదులకొద్దీ పట్టుకుపోయారు. వాళ్లలో చార్మినారు పక్కనే యునానీ వైద్యం చదువుతున్న విద్యార్థి కూడా ఉన్నాడు. చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణలను మైనారిటీ కమిషన్ తరఫున విచారించారు. చివరికి కోర్టులు వాళ్లను నిర్దోషులుగా విడిచిపెట్టాయి. 2012 జనవరిలో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం నిర్దోషులుగా తేలిన 20 మందికి మూడేసి లక్షలు, నిర్బంధించి వదిలేసిన 50 మందికి ఇరవయ్యేసి వేలు పరిహారమిచ్చి, మంచి నడవడి ధృవపత్రాలు కూడా పంచింది. మరుసటి ఏడాది హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. చెక్కు ఇచ్చి వెనక్కి అడిగిన రాజ్యం, కాగితం మీద నడవడికి హామీ ఇచ్చిన రాజ్యం, ఆ పిల్లలు రాత్రిపూట నిద్రపోతున్నారా అని అడగలేదు. మూడేళ్ల తర్వాత, 2015లో, అదే పాతబస్తీలో అరుగుల మీద కూచున్న పిల్లలకు పోలీసులు 'కౌన్సెలింగ్' మొదలుపెట్టారంటే, ఆ మాట వింటే ఇక్కడి విద్యార్థి ఎందుకు భుజాలు ముడుచుకుంటాడో అర్థం చేసుకోవచ్చు.

ఈ చీకట్లో ఒక దీపాన్ని చెప్పుకోకపోతే అన్యాయమవుతుంది. దక్కనీలో కవిత్వం రాసే జమీలా నిషాత్ పాతబస్తీ గల్లీల మధ్య 'షాహీన్' అనే స్త్రీల సంస్థను నెలకొల్పింది. చదువు మాన్పించి పెళ్లి చేసిన పిల్లలు, దెబ్బలు తిన్న ఆడవాళ్లు వచ్చి తమ భాషలో చెప్పుకునే చోటు అది. అమ్జద్ దుఃఖాన్ని పద్యం చేశాడు, మఖ్దూం ఉద్యమం చేశాడు, జమీలా దానికొక గది కట్టింది. ఈ నగరపు కవుల చరిత్రలో ఇది చిన్న మలుపు కాదు. వినడం ఒక సంస్థగా మారవచ్చునని ఒక కవయిత్రి చేసి చూపించింది.

6. మార్కుల పట్టిక

1990ల నుండి విద్య వ్యాపారమైన తీరు మనకు తెలిసిందే. కార్పొరేటు జూనియర్ కాలేజీల హాస్టళ్లలో పిల్లలు వరుసగా ప్రాణాలు తీసుకుంటుంటే 2001లో ప్రభుత్వం నీరదా రెడ్డి సంఘాన్ని వేసింది. సిఫారసులు వచ్చాయి, గంటలు తగ్గలేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడ్డాయి. దాదాపు తొమ్మిదిన్నర లక్షల మంది రాస్తే మూడు లక్షలకు పైగా తప్పారు. ఫలితాలలో తప్పులు దొర్లాయి. తెలుగులో 99 మార్కులు రావలసిన ఒక విద్యార్థినికి సున్నా పడింది. ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. ప్రభుత్వం త్రిసభ్య సంఘాన్ని వేసి, తప్పినవాళ్లందరి పేపర్లూ ఉచితంగా తిరిగి చూపించింది. అప్పుడు పాసయినవాళ్లు 1,137 మంది. ఒక్కసారి ఆలోచించాలి: మార్కుల పట్టిక ఒక పిల్లవాడి ప్రాణం మీదికి తెచ్చిందంటే, ఆ మార్కుకూ ఆ ప్రాణానికీ మధ్య అడ్డు నిలిచే మనిషి ఒక్కడూ లేడని అర్థం.

నేషనల్ క్రైం రికార్డ్స్ బ్యూరో లెక్క ప్రకారం 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. ఈ సంఖ్యను చూసి ప్రతి మరణాన్నీ ఒకే కారణానికి కట్టిపడేయడం పొరపాటు. ఆత్మహత్యకు ఎప్పుడూ ఒక్కటే కారణం ఉండదు. చికిత్సకు లొంగే జబ్బు, అప్పు, అవమానం, ఒంటరితనం ఒక్కచోట ముడిపడతాయి. ఆ ముడి ఒక్క కొస వదులైనా మనిషి నిలబడతాడని అనుభవం చెబుతోంది.

అలాగే కౌన్సెలింగును సర్వరోగ నివారిణిగా చూడడం కూడా పొరపాటే. 2016 జనవరి 17న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల చనిపోయినప్పుడు సమస్య అతని మనోబలానిదని చెప్పినవాళ్లున్నారు. స్టైపెండు ఆగి, హాస్టలు నుండి గెంటివేయబడి, తోటి దళిత విద్యార్థులతో కలిసి ఆరుబయట పడుకున్న పరిశోధకుడికి ముందు కావలసింది న్యాయం. అన్యాయానికి సర్దుకుపొమ్మని చెప్పే కౌన్సెలరు యాజమాన్యానికి మరో గుమాస్తా మాత్రమే. మంచి కౌన్సెలరు విద్యార్థి బాధను విన్న తర్వాత, ఆ బాధకు మూలం కాలేజీలోనే ఉంటే, దాన్ని కాలేజీకి చెప్పగలగాలి. అందుకు అతనికి స్వేచ్ఛ ఉండాలి.

7. ఇవాళ్టి కర్తవ్యం

చట్టం కొంత కదిలింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించినవాణ్ణి నేరస్థుడిగా చూడడం మాని, చికిత్స ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అన్నది. 2022 అక్టోబరులో 14416 నంబరు మీద టెలి మానస్ మొదలైంది. ఫోను చేసి తెలుగులోనూ మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. విశాఖపట్నంలో కోచింగు తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని తండ్రి వేసిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు, వంద మంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక అర్హుడైన కౌన్సెలరునో, మనోవిజ్ఞాన నిపుణుణ్ణో, సామాజిక కార్యకర్తనో నియమించాలని ఆదేశించింది. కొఠారి సంఘం సిఫారసు చేసిన దాదాపు అరవై ఏళ్లకు అది ఆదేశమైంది.

ఆదేశం అమలులో నిలవాలంటే పాతబస్తీ చరిత్ర మూడు షరతులు చెబుతోంది.

మొదటిది భాష. దక్కనీ మాట్లాడే పిల్ల 'దిల్ ఘబ్రారా' అంటుంది, తెలుగు పిల్లవాడు 'గాభరాగా ఉంది' అంటాడు. రెండింట్లోనూ ఉన్నది ఒకే మాట. ఈ మాట విని, దాని వెనక ఇంటి అద్దె ఉందో, అన్న జైలు ఉందో, రాబోయే పెళ్లి ఉందో అడగగలిగినవాడే ఇక్కడ కౌన్సెలరు. ఇంగ్లీషు ప్రశ్నపత్రం చేతికిచ్చి మార్కులు వేసేవాడైతే, విద్యార్థికి అది మరో పరీక్ష అవుతుంది. రెండోది గోప్యత. చెప్పిన మాట ప్రిన్సిపాలుకో, ఇంటికో, పోలీసు స్టేషనుకో చేరుతుందన్న అనుమానం ఉన్నంతకాలం ఆ గదిలోకి ఎవరూ రారు. ప్రాణాపాయం ఉన్నప్పుడు ఎవరికి చెబుతారో ముందే విద్యార్థికి చెప్పాలి. మూడోది ఉద్యోగ భద్రత. ఏడాదికొకసారి కాంట్రాక్టు మార్చే కౌన్సెలరును నమ్మి ఏ పిల్లవాడూ మనసు విప్పడు. హుస్సేనీ ఆలం మహిళా కాలేజీలోనూ, సిటీ కాలేజీలోనూ, ప్రతి ప్రభుత్వ జూనియర్ కాలేజీలోనూ అది శాశ్వతమైన పోస్టు కావాలి. విద్యార్థి సంఘాలు స్కాలర్‌షిప్పులతో పాటు దీన్ని కూడా డిమాండు చేయాలి.

రచయితలకు, సాహిత్య విద్యార్థులకు వేరే పని ఉంది. మనం రాసే కథలో విద్యార్థి చావు ముగింపుకు సులభమైన ఉపాయం కాకూడదు. చావును విజయంగానో, త్యాగంగానో, ప్రతీకారంగానో అలంకరించి రాసిన వాక్యం ఎక్కడో ఒక హాస్టలు గదిలో ఒంటరిగా ఉన్న పాఠకుడికి చేరుతుంది. ఆ పాఠకుణ్ణి మరిచి రాయడం బాధ్యత కాదు. బతికి బయటపడినవాళ్ల కథలు మన దగ్గర తక్కువ. సహాయం అడిగినవాడి కథ, అడిగితే దొరికిన కథ, అడిగినా దొరకక పదిమంది కలిసి కొట్లాడి సాధించిన కథ: ఇవి రాయవలసి ఉన్నాయి. కాలేజీ సాహిత్య సంఘాలు కవి సమ్మేళనాలకు చూపే శ్రద్ధలో కొంతైనా, సభ అయ్యాక చివరి బెంచీలో మాట్లాడకుండా మిగిలిపోయిన విద్యార్థి మీద చూపగలిగితే అది కూడా సాహిత్య కార్యక్రమమే.

నాలుగు వందల ఏళ్ల కింద ఈ నగరాన్ని కట్టినవాళ్లు ఊరి నడిమధ్య ఆసుపత్రీ, దాని లోపలే బడీ పెట్టారు. వైద్యం, విద్య వేరువేరు శాఖలు కావని వాళ్లకు తెలుసు. ఆ తెలివిని ప్రజాస్వామ్యం తిరిగి తెచ్చుకోవాలి. చదువు చెప్పే ప్రతి చోటా వినే చోటు ఒకటి ఉండి తీరాలి. అది ఎవరి దయా కాదు, విద్యార్థి హక్కు.